ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు

డీహెచ్ఐఎస్2 అనే ఆరోగ్య లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి చేరే ప్రతి అంకె మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలి. దేని లెక్క? ఏ చోటిది? ఏ కాలానిది? మూడో డోసు పెంటావాలెంట్ టీకా వేయించుకున్న పిల్లలు, ఫలానా పల్లె ఆరోగ్య కేంద్రం, జూన్ నెల: 42. అంతే. మలేరియా పరీక్షలైనా, ఆస్పత్రి కాన్పులైనా, దోమతెరల పంపకమైనా, చివరికి బడిపిల్లల హాజరైనా ఈ మూడు ప్రశ్నల్లోనే ఇమిడిపోతుంది. ఏ దేశం ఏం లెక్కపెడుతుందో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ముందే ఊహించి గడులు గీసి పెట్టలేదు. ఏం లెక్కపెట్టాలి, దాన్ని ఏ పేరుతో పిలవాలి, జిల్లా కింద ఎన్ని అంచెలుండాలి అన్నవి వాడుకునే దేశమే నింపుకుంటుంది.

పైకి చాలా సాదాగా కనిపించే ఈ అమరిక వెనక ముప్పై ఏళ్ల శ్రమ ఉంది. దక్షిణాఫ్రికాలో మొదలై, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం ఆసరాతో మొజాంబిక్‌కూ మన కుప్పానికీ వచ్చి, కేరళలో కొత్త రూపంతో తొలిసారి పనిలోకి దిగి, ఇవాళ 70కి పైగా దేశాల్లో వాడుకలో ఉంది. పేద దేశాల ప్రభుత్వ కార్యాలయాలను కంప్యూటర్ల మీదికి తేవడానికి అంతర్జాతీయ సాయంతో ఎన్నో పనులు జరిగాయి. నేను చదివి తెలుసుకున్నంతలో ఇంత ఓపికతో, ఇంత ఆలోచనతో చేసిన పని మరొకటి కనపడలేదు. దాన్ని దగ్గర నుంచి చూపించాలనే ఈ వ్యాసం.

1994 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో అన్ని జాతుల ప్రజలూ తొలిసారి కలిసి ఓటేశారు. నెల్సన్ మండేలా ప్రభుత్వం వచ్చేనాటికి ఆ దేశంలో ఆరోగ్య శాఖ ఒక్కటి కాదు, 14. వర్ణవివక్ష పాలన జాతికొకటి, నల్లజాతి ప్రజలకు విడిగా కేటాయించిన 'హోమ్‌ల్యాండ్'కొకటి చొప్పున దాన్ని ముక్కలు చేసి పెట్టింది. ఒకే నగరంలో ఒక క్లినిక్ ఒక రకం ఫారం నింపితే దాని పక్క క్లినిక్ ఇంకో రకం నింపేది. ఫారాలు పైకి వెళ్లడమే తప్ప వాటి సారం తిరిగి కిందికి వచ్చేది కాదు. ఎవరికి వైద్యం అందుతోంది, ఎవరికి అందడం లేదు? కొత్త ప్రభుత్వానికి ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. దానికి జవాబు చెప్పగల లెక్క మాత్రం ఎక్కడా లేదు.

కేప్‌టౌన్, వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయాల ప్రజారోగ్య పరిశోధకులు ఈ పనికి పూనుకున్నారు. ఓస్లో విశ్వవిద్యాలయం నుంచి యోర్న్ బ్రో, ఆయనతో కాల్లె హెడ్‌బర్గ్ వాళ్లతో కలిశారు. కార్యక్రమం పేరు హెల్త్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ప్రోగ్రామ్, పొట్టిగా హిస్ప్. మిచెల్స్ ప్లెయిన్, అట్లాంటిస్, మాల్మ్స్‌బరీ ప్రాంతాల్లో ప్రయోగం మొదలైంది. అందులో ముందు చేసిన పని కంప్యూటర్ తెరవడం కాదు, ఏం లెక్కపెట్టాలో నర్సులతో, అధికారులతో కూర్చుని తేల్చుకోవడం. ఒక అంశం జాబితాలో చేరాలంటే దాన్ని చూసి ఎవరు ఏం నిర్ణయం తీసుకుంటారో చెప్పగలగాలి. చెప్పలేకపోతే దానికి చోటు లేదు. ఆ తర్వాతే అప్పటి ఆఫీసు కంప్యూటర్లలో మామూలుగా దొరికే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మీద మొదటి సాఫ్ట్‌వేర్ కట్టారు.

నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇక్కడే పుట్టింది. రాజధానిలోని అధికారికి దేశమంతటా ఒకే ఫారం కావాలి. లేకపోతే ఒక ప్రావిన్సును మరోదానితో పోల్చడం కుదరదు. క్లినిక్‌లో నర్సుకు తన పేటను పీడిస్తున్న జబ్బు లెక్క కావాలి. అది రాజధానికి అక్కర్లేకపోవచ్చు. ఇలాంటి చోట మామూలుగా అందరి కోరికలూ ఒకే ఫారంలోకి చేరతాయి. ఫారం పేజీలకు పేజీలు పెరుగుతుంది. నింపేవాళ్లు విసిగిపోయి చేతికొచ్చిన అంకె వేసి పంపేస్తారు. హిస్ప్ బృందం ఆ చిక్కును అంచెలుగా విడదీసింది. దేశం అడిగే జాబితా చాలా చిన్నది. దాన్ని అందరూ పంపాలి. ప్రావిన్సు దానికి తనకు కావలసినవి కలుపుకోవచ్చు, జిల్లా తనవి, క్లినిక్ తనవి. పై అంచె అడిగింది కింది అంచె మానకూడదు. కింది అంచె అదనంగా కలుపుకున్నదానికి పై అంచె అడ్డు చెప్పకూడదు. బ్రో, హెడ్‌బర్గ్ 2002లో రాసిన పరిశోధన పత్రంలో ఈ అంచెల ప్రమాణాల గురించి వివరంగా ఉంది.

ఒక్క నియమంతో రెండు పనులు అయ్యాయి. ఎక్కువ కావాలన్నవాళ్లు ఆ బరువును తమ అంచెలోనే మోసుకోవాలి కాబట్టి దేశపు జాబితా సన్నగా మిగిలింది. నర్సు తనకు పనికొచ్చే లెక్కను అనుమతి కోసం ఎదురుచూడకుండా పెట్టుకోగలిగింది. అధికారం ఎవరి చేతిలో ఎంత ఉండాలన్న రాజకీయ తగువును ఒక సాఫ్ట్‌వేర్ అమరికలోకి ఇంత శుభ్రంగా దింపడం చాలా అరుదు. 2001 నాటికి దక్షిణాఫ్రికా ప్రావిన్సులన్నిటా ఈ పద్ధతే నడిచింది.

పనిచేసేవాళ్లతో కూర్చుని యంత్రాన్ని రూపొందించాలన్న పట్టుదల ఓస్లోకు కొత్తది కాదు. సిమ్యులా భాషతో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కు పునాది వేసిన క్రిస్టెన్ న్యూగోర్, 1970ల మొదట్లోనే నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు. ఫ్యాక్టరీలోకి కంప్యూటర్ వస్తే కార్మికులకు దాని మీద మాట ఎలా ఉండాలన్నది ఆయన ప్రశ్న. హిస్ప్ ఆ సంప్రదాయం నుంచే వచ్చింది. అయితే నార్వేలో బలమైన సంఘం, చదువుకున్న కార్మికులు, డబ్బున్న యజమాని ఉన్నారు. ఆఫ్రికా క్లినిక్‌లో అవేవీ లేవు. అందుకే కలిసి కూర్చోవడంతో సరిపెట్టక, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, అక్కడి విశ్వవిద్యాలయంలో మనుషుల్ని తయారుచేయడం కూడా కార్యక్రమంలో భాగమయ్యాయి. మపూతోలోని ఎడ్వార్డో మోండ్లేన్ విశ్వవిద్యాలయంతో మొజాంబిక్‌లో పని మొదలైంది ఇలాగే.

మన ప్రాంతానికి ఇది 2000లో వచ్చింది. చిత్తూరు జిల్లా కుప్పం నియోజకవర్గంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు భారతదేశంలో హిస్ప్‌కు తొలి చోటు. ఓస్లోలో ఆచార్యుడైన సందీప్ సహాయ్ దీనికి ముందు నిలిచారు. పల్లెలో ఏఎన్ఎం చేతిలో ఉండే రిజిస్టర్ల దొంతర తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకే గర్భిణి పేరు ఒక రిజిస్టర్‌లో, ఆమెకు వేసిన ఇంజెక్షన్ ఇంకోదానిలో, పుట్టిన బిడ్డ టీకా మరోదానిలో. నెలాఖరున వాటన్నిటినీ కూడి పైకి పంపే లెక్క తయారుచేయడానికే రోజులు పోతాయి. దక్షిణాఫ్రికా క్లినిక్‌లో రూపొందిన పరికరం ఈ దొంతర ముందుకు వచ్చి నిలబడింది. కుప్పంలో మొదలైన పని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రవ్యాప్త వ్యవస్థగా ఎదగలేదు. కానీ ఆ అనుభవం వృథా కాలేదని చెప్పడానికి రాతపూర్వకమైన ఆధారం ఉంది.

2004లో బ్రో, ఎరిక్ మోంటెయిరో, సహాయ్ కలిసి ఎంఐఎస్ క్వార్టర్లీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. దక్షిణాఫ్రికా, మొజాంబిక్, ఇథియోపియా, క్యూబాలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. సాయంతో నడిచే ప్రయోగాలు సాయం ఆగగానే ఎందుకు చనిపోతాయన్నది వాళ్ల ప్రశ్న. ఒకచోట ఒంటరిగా చేసిన ప్రయోగం ఎంత బాగున్నా నిలవదనీ, ఒకే పని చేస్తున్న అనేక చోట్లను ఒకదానికొకటి ముడివేస్తేనే నేర్చుకున్నది ఒక చోటి నుంచి మరో చోటికి పారుతుందనీ వాళ్ల వాదన. దానితో పాటు ఆరోగ్య లెక్కలకున్న ఒక గట్టి లక్షణాన్ని కూడా ఎత్తి చూపారు. జిల్లాలో సగం కేంద్రాల లెక్కే ఉంటే జిల్లా వైద్యాధికారికి అది దాదాపు దేనికీ పనికిరాదు. టీకాలు అందని పల్లె మిగతా సగంలోనే ఉండవచ్చు. అన్నీ ఉండాలి, లేదంటే ఏదీ లేనట్టే. నాలుగైదు కేంద్రాల్లో చక్కగా నడిచిన నమూనాకు ఫొటోలు తీసి సంబరపడటం ఎందుకు చాలదో ఈ ఒక్క మాట చెబుతుంది.

మైక్రోసాఫ్ట్ మీద ఆధారపడిన పాత సాఫ్ట్‌వేర్‌కు హద్దులు కనిపించసాగాయి. 2004లో ఓస్లోలో విద్యార్థులు, అధ్యాపకులు జావా భాషలో మొత్తం తిరగరాయడం మొదలుపెట్టారు. అదే డీహెచ్ఐఎస్2. ఎవరైనా తీసుకుని, మార్చుకుని, వాడుకోగల స్వేచ్ఛా లైసెన్సుతో దాన్ని విడుదల చేశారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ప్రభుత్వ విధానంగానే మద్దతిచ్చిన కేరళలో 2006లో అది తొలిసారి పనిలోకి దిగింది. డీహెచ్ఐఎస్2 చరిత్రలో మొదటి వాడుకరి కేరళ ఆరోగ్య కేంద్రమే.

లోపలి పనితనంలో కొన్ని చోట్ల నేను ఆగి చూశాను. మొదటిది సున్నా. ఫారంలో వందల గడులుంటాయి, చాలావాటిలో సున్నాలే వస్తాయి. అన్నిటినీ దాచితే సర్వర్‌లో పనికిరాని సున్నాలు కోట్ల కొద్దీ పేరుకుంటాయి. అందుకని మామూలుగా సున్నాను దాచరు. కానీ కొన్ని సున్నాలు చాలా విలువైనవి. ఈ నెల ఈ కేంద్రం పరిధిలో కాన్పు సమయంలో తల్లులెవరూ చనిపోలేదు అంటే అది ఒక వార్త. గడి ఖాళీగా ఉంటే ఎవరూ చనిపోలేదనా, ఎవరూ రాయలేదనా? ఈ తేడా పోకూడదు. అందుకే ప్రతి అంశానికీ విడిగా, దీని సున్నాకు అర్థముంది, దాచిపెట్టు అని చెప్పే వీలుంది. ఏ సున్నా ముఖ్యమో తేల్చేది ఆ దేశపు ఆరోగ్య శాఖ. ఇంత చిన్న మీట దగ్గర కూడా నిర్ణయం చేయి దాటిపోకుండా చూసుకున్నారు.

రెండోది క్యాలెండర్. ఇథియోపియా సంవత్సరానికి 13 నెలలు. 12 నెలలకు ముప్పైయేసి రోజులు, చివరి నెలకు ఐదో ఆరో. నేపాల్ ప్రభుత్వం విక్రమ సంవత్ లెక్కలో నడుస్తుంది. బయటి నుంచి వచ్చిన కంప్యూటర్ ఇలాంటి చోట సాధారణంగా ఏం చేస్తుందంటే, తారీఖు మార్చుకుని రాయమని నర్సుకు చెబుతుంది. ప్రతి నెలా, ప్రతి ఫారంలో, ప్రతి కేంద్రంలో ఆ మార్పిడి చేయాలి. అక్కడ పడే తప్పులు ఎన్నటికీ బయటపడవు. డీహెచ్ఐఎస్2లో 'ఎప్పుడు' అన్న ప్రశ్నకు జవాబు ఆ దేశపు క్యాలెండర్‌లోనే చెప్పవచ్చు. లెక్క మార్చుకునే శ్రమ యంత్రానిది.

మూడోది 'ఎక్కడ'. ఊరి కేంద్రం, దాని పైన మండలమో ఉపజిల్లానో, దాని పైన జిల్లా, ఆపైన ప్రావిన్సు, దేశం: ఇలా చెట్టులా చోట్లను అమర్చుకుంటారు. కింద వేసిన అంకెలు వాటంతటవే పైకి కూడుకుంటాయి. మరి జిల్లాలు మారితే? తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. గత ఐదేళ్ల లెక్కలతో కొత్త జిల్లాను పోల్చడం ఎంత తలనొప్పో ఆ కార్యాలయాల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. ఈ సాఫ్ట్‌వేర్‌లో అంకె జిల్లాకు అంటిపెట్టుకుని ఉండదు, పుట్టిన కేంద్రానికి అంటిపెట్టుకుని ఉంటుంది. కేంద్రాన్ని కొత్త జిల్లా కిందికి జరిపితే దాని పాత లెక్కలన్నీ దానితోనే కదులుతాయి. కొత్త జిల్లాకు నిన్నటి చరిత్ర ఇవాళే సిద్ధం. కెన్యాలో 2010 రాజ్యాంగం ప్రకారం 2013లో 47 కౌంటీలు అమల్లోకి వచ్చినప్పుడు ఈ ముందుచూపు అక్కరకొచ్చింది.

నాలుగోది తప్పు పట్టుకునే తీరు. ఒక కేంద్రంలో నెలకు 30 నుంచి 50 మంది పిల్లలకు టీకా వేస్తూ ఉన్నారనుకుందాం. ఈ నెల ఎవరో 420 అని కొట్టారు. ఆ కేంద్రం పాత అంకెల నుంచి లెక్కగట్టిన కనిష్ఠ, గరిష్ఠాలతో పోల్చి సాఫ్ట్‌వేర్ వెంటనే హెచ్చరిస్తుంది. కానీ ఆపేయదు. నిజంగానే ఆ నెలలో ప్రత్యేక టీకా కార్యక్రమం జరిగి ఉండవచ్చు, కారణం రాసి అంకెను ఉంచవచ్చు. అనుమానించడం యంత్రం వంతు, తీర్పు నర్సు వంతు.

కెన్యా కథను కొంచెం నిదానంగా చెప్పాలి. 2010 ప్రాంతం దాకా ఆఫ్రికా దేశాల్లో అలవాటైన పద్ధతి ఏమిటంటే, ప్రతి జిల్లా కంప్యూటర్‌లోనూ సాఫ్ట్‌వేర్ విడిగా ఎక్కించి, నెలనెలా ఫైళ్లు పైకి పంపడం. వందల కంప్యూటర్లు, వందల రకాల వైరస్‌లు. ఒకచోట ఫారం మారితే అన్నిచోట్లకూ మనిషి వెళ్లాలి. 2009లో మొంబాసా తీరానికి సముద్రగర్భ కేబుళ్లు చేరాయి, మొబైల్ ఇంటర్నెట్ జిల్లా పట్టణాలకు పాకింది. కోస్ట్ ప్రావిన్సులో పరీక్షించి చూసిన బృందం పాత దారి వదిలేసింది. దేశానికంతటికీ ఒకే సర్వర్, జిల్లా ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్, ఒక డాంగిల్, ఒక బ్రౌజర్. 2011లో దేశమంతటా అలా నడిచింది. ఇంత విస్తారంగా నేరుగా ఆన్‌లైన్‌లో నడిచిన తొలి డీహెచ్ఐఎస్2 కెన్యాది.

సిగ్నల్ పోతే? అదే అసలు ప్రశ్న. ఓస్లోలోని ప్రోగ్రామర్లు వెబ్ పేజీల కొత్త ప్రమాణం హెచ్‌టీఎంఎల్5లో అప్పుడే వస్తున్న సదుపాయాన్ని ఆసరాగా తీసుకున్నారు. ఫారం మధ్యలో ఇంటర్నెట్ తెగినా కొట్టిన అంకెలు బ్రౌజర్‌లోనే భద్రంగా ఉంటాయి. లైను తిరిగి రాగానే సర్వర్‌కు చేరతాయి. మారుమూల గుమస్తా చెమట ఒక్క చుక్క కూడా వృథా పోకూడదన్న పట్టింపు ఆ కోడ్‌లో ఉంది. కెన్యా కోసం చేసిన ఈ పని మరుసటి ఏడాది ఉగాండా, ఘనా, రువాండాలకు సిద్ధంగా దొరికింది. 2004 నాటి వ్యాసం కోరుకున్న ముడి అంటే ఇదే.

ఆ ముడి మనుషులతో వేసింది. మొజాంబిక్, మలావీ, ఇథియోపియా, టాంజానియా, భారతదేశం, శ్రీలంకల నుంచి వెళ్లిన పరిశోధకులు ఓస్లోలో డాక్టరేట్ చేశారు. వాళ్ల పరిశోధన అంశం తమ దేశపు ఆరోగ్య శాఖే. చాలామంది తిరిగి వచ్చి స్థానికంగా హిస్ప్ బృందాలు నిలబెట్టారు. ఇవాళ భారత్, వియత్నాం, శ్రీలంక, ఉగాండా, టాంజానియా, మలావీ, టోగో వంటి చోట్ల అలాంటి బృందాలున్నాయి. పొరుగు దేశానికి చిక్కొస్తే ఓస్లో నుంచి విమానం ఎక్కనక్కర్లేదు, పక్క దేశం నుంచే మనిషి వస్తాడు.

2020 జనవరిలో దీని ఫలితం ప్రపంచం కంటపడింది. చైనా నుంచి కొత్త వైరస్ వార్తలు వస్తుండగానే శ్రీలంక ఆరోగ్య శాఖ, హిస్ప్ శ్రీలంక బృందం కలిసి విమానాశ్రయంలో దిగేవాళ్ల వివరాలు నమోదు చేసి, తర్వాత వాళ్ల ఆరోగ్యం గమనించే ఏర్పాటును కొద్ది రోజుల్లోనే డీహెచ్ఐఎస్2లో కట్టారు. జనవరి 27న ఆ దేశంలో తొలి కోవిడ్ కేసు తేలింది. ఈ పని సాగిందీ ఆ రోజుల్లోనే. తాము కట్టినదాన్ని వాళ్లు అందరికీ ఇచ్చేశారు, అనేక దేశాలు ఎత్తుకుని తమకు తగ్గట్టు మలచుకున్నాయి. వాటిలో నార్వే ఒకటి. అక్కడి స్థానిక ప్రభుత్వాల సంఘం సోకినవాళ్ల సంబంధీకులను వెతికే వ్యవస్థను దీని మీదే కట్టింది, వందకు పైగా మున్సిపాలిటీలు వాడుకున్నాయి. పాతికేళ్ల పాటు నార్వే సాయం చేసిందని చెప్పుకుంటూ వచ్చిన కథలో నార్వే రోగులకు శ్రీలంక వైద్యుల ఆలోచన పనికొచ్చిన రోజు అది. ఈ ఘట్టం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఓస్లోలోని ప్రధాన బృందం జీతాలు నార్వే సాయ సంస్థ నొరాడ్, గ్లోబల్ ఫండ్, గావీ, యూనిసెఫ్ వంటివాటి నిధుల మీద నడుస్తూ వచ్చాయి. దేశాల్లో శిక్షణకు, సర్వర్లకు కూడా చాలాచోట్ల బయటి నిధులే. 2025లో అమెరికా విదేశీ సాయాన్ని భారీగా కోసేయడంతో ఈ ఆధారం ఎంత బలహీనమో తెలిసింది. కోడ్ ఎవరూ వెనక్కి తీసుకోలేరు. మంత్రిత్వ శాఖ తన సర్వర్‌లో పెట్టుకున్న లెక్కలూ దానివే. కానీ ఆ సర్వర్‌ను చూసుకునే ఇద్దరు ముగ్గురు నిపుణుల జీతం దేశ బడ్జెట్‌లో ఒక పద్దుగా చేరకపోతే, ఎంత మంచి పనితనమైనా మెల్లగా తుప్పుపడుతుంది. ఈ పద్దు కోసం ప్రతి దేశంలోనూ ఆర్థిక శాఖతో కొట్లాడవలసిందే. ఓస్లో ఆ కొట్లాట వాళ్ల బదులు చేయలేదు.

ఇంకో కొరత నర్సు బల్ల దగ్గరే ఉంది. చాలా దేశాల్లో ఆమె ఇప్పటికీ కాగితం రిజిస్టర్ రాసి, గీతలు గీసి లెక్కగట్టి, నెల ఫారం నింపుతుంది. దాన్ని జిల్లాలో మరొకరు కంప్యూటర్‌లోకి కొడతారు. కొన్నిచోట్ల కాగితమూ నింపాలి, ట్యాబ్‌లోనూ నింపాలి. నెట్‌వర్క్ లేకున్నా పనిచేసే ఆండ్రాయిడ్ యాప్ ఇప్పుడుంది, రోగి ఎదుటే ఒక్కసారి రాస్తే సరిపోయే ఏర్పాటు వైపు పని సాగుతోంది. రాసిన అంకెలు రాసినవాళ్లకు తిరిగి చేరడం కూడా అంతే ముఖ్యం. ఆ దిశలో సియెరా లియోన్ 2008 తర్వాత చేసిన పని నాకు బాగా నచ్చింది. అక్కడ చీఫ్‌డమ్ అంటే మన మండలం లాంటి అంచె. ఆస్పత్రి కాన్పులు, టీకాల్లో ఏ చీఫ్‌డమ్ ఎక్కడ నిలిచిందో వరుస పట్టికలు వేసి అక్కడి చీఫ్‌లకే చూపించారు. అంకెలు రాసిచ్చిన ఊరికి అంకెలు తిరిగి వచ్చాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు రోజూ యాప్‌ల్లోకి ఎన్నో వివరాలు ఎక్కిస్తున్నారు. ఒక ఏఎన్ఎం సబ్‌సెంటర్‌లో పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ ఏం మారిందో ఒక్క గ్రాఫ్ ఆమె తెర మీదే కనిపించేలా ఎవరైనా చేస్తే, అంచెల ప్రమాణాలు కనిపెట్టిన వాళ్ల పక్కన ఆ ప్రోగ్రామర్ పేరు కూడా నేను సంతోషంగా రాస్తాను.